పదునుండగానే

లోహం కోసే కట్టర్‌ని ఒళ్లో పెట్టుకుని, దాని చుట్టూ బిగించిన ఒక్కో కార్బైడ్ బిళ్ల అంచునీ బొటనవేలి గోటి మీద గీకి చూస్తోంది ఆమె. సన్నటి పొట్టు లేస్తే పదునున్నట్టు, జారిపోతే లేనట్టు. మెషిన్ షాపులో అందరికీ ఆమె పిన్నే. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలుస్తారు. మొదట్లో చిరాకుపడేది, తర్వాత ఊరుకుంది.

పొట్టి మనిషి. ఇంటినుంచి తెచ్చుకున్న చెక్కపీట మీద నిలబడితే గానీ మిల్లింగ్ యంత్రం చేతిచక్రం అందదు. ముంజేతుల నిండా వేడి రజను పడి కాలిన మచ్చలు. దర్జీ పని చేసే మొగుడు వాటిని చూసి, "చుక్కల గుడ్డలా ఉన్నాయే నీ చేతులు" అంటుంటాడు.

నిన్న ఆ చేతులే ఆమె పరువు తీశాయి. నికెల్ కలిసిన లోహపు దిమ్మెలు రెండొచ్చాయి. మహా మొండి సరుకు. పదునైన అంచు గట్టిగా కొరికితే దారికొస్తుంది. మొద్దుబారినది పైపైన రుద్దితే మాత్రం, రుద్దిన చోటల్లా ఇంకా గట్టిపడి కూర్చుంటుంది. ఇది ఆమెకు తెలియక కాదు. అరిగిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అతికించి వాడే మనిషి, ఆ పొదుపు ఊరుకోనిస్తుందా? అరిగిన బిళ్లలే ఇంకొక్క కోతకి వస్తాయిలే అనుకుంది. అవి కొయ్యడం మానేసి రుద్దడం మొదలెట్టాయి. దిమ్మె ముఖం అద్దంలా మెరిసింది. గట్టిపడిన ఆ మెరుపు మీద బిళ్లలన్నీ పటపటా విరిగాయి, దిమ్మె తుక్కులోకి పోయింది.

సాయంత్రానికల్లా మేనేజరు కబురు పంపాడు. పిన్నికి చూపు తగ్గింది, రేపట్నుంచి ప్యాకింగులో కూర్చోమనండి, రెండో దిమ్మె వేరేవాళ్లకివ్వండి అని.

"నా చూపుకేం రాలేదు, నా బుద్ధే గడ్డి తింది. రెండోది కూడా నేనే కోస్తా" అని ఆమె దిమ్మె మీద చెయ్యి వేసి నిలబడింది. ఎవరెన్ని చెప్పినా కదల్లేదు. చివరికి ఫోర్‌మనే దిగొచ్చి, ఈ ఒక్కటీ కొయ్యనిద్దామని మేనేజరుని ఒప్పించాడు.

ఇంటికెళ్లి మొగుడికి చెప్పుకుంది. అతను కుట్టుమిషను ఆపకుండానే విన్నాడు. "మొద్దుసూదితో కుడితే సూదికేం కాదే, బట్ట పోతుంది" అన్నాడు. ఓదారుస్తాడేమో అనుకున్న ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆ మాట పొద్దుటిదాకా చెవిలోనే ఉంది.

ఇవాళ ఫోర్‌మన్ రెండు రకాల బిళ్లలు తెచ్చి ముందు పెట్టాడు. "చదరపువా, గుండ్రటివా పిన్నీ?"

"గుండ్రటివే. దీని ముందు మూలలున్నవి నిలవ్వు. మూలే ముందు ఎగిరిపోతుంది."

"వేగం తగ్గిద్దామా?"

"కట్టర్ తిరగడం తగ్గించు. ముందుకు నడవడంలో మాత్రం జంకకూడదు."

వేడి చల్లార్చే తెల్లటి నూనెనీళ్లు ధారగా పడుతుంటే కట్టర్ లోహంలోకి దిగింది. గరగరమని ఒకటే శబ్దం, మందంగా రాలుతున్న ముక్కలు. కోత పూర్తయి కట్టర్ బయటికి రాగానే ఆమె యంత్రం ఆపింది. మరలు వదులు చేసి, ఒక్కో బిళ్లనీ కొత్త అంచుకి తిప్పి, వాడిన చోట నల్లసిరాతో చుక్క పెట్టింది.

"ఇంకా బాగానే ఉన్నాయిగా?" అన్నాడు ఫోర్‌మన్.

"బాగున్నాయి కాబట్టే."

అనడం అయితే అంది గానీ ఆ వృథాకి ఆమె ప్రాణం ఉసూరుమంది. అయినా పళ్లు బిగబట్టి ప్రతి కోతకీ అలాగే తిప్పింది. సాయంత్రానికి దిమ్మె తయారైంది. ఎక్కడా మెరుపు లేదు, అంతటా ఒకే బూడిదరంగు. కొలతలు చూసి ఫోర్‌మన్ గట్టిగా ఊపిరి వదిలాడు.

"మేనేజరుతో మాట్లాడతా పిన్నీ. ప్యాకింగు సంగతి ఓ నెల వాయిదా వేయిస్తా."

"వాయిదాలెయ్యడానికి నేనేమన్నా కోర్టు కేసునా? రేపట్నుంచి రాను."

"కోపమొచ్చిందా?"

"రాదా మరి? బోలెడంత వచ్చింది. కానీ వెళ్లేది అందుక్కాదు. అరిగిపోయావని మీచేత అనిపించుకునేదాకా ఉండను. మా ఆయన కొట్టు ముందు సానచక్రం పెట్టుకుంటా. వీధిలో ఒక్క కత్తెరకి పదును లేదు."

ఆమె మళ్లీ మరలు విప్పి, ఏ పనీ లేకపోయినా బిళ్లలన్నీ ఇంకోసారి తిప్పి బిగించింది. చేతులు కడుక్కుంది. ఏప్రన్ మేకుకి తగిలించింది. చెక్కపీటని మాత్రం చంకలో పెట్టుకుంది.

"అది కూడానా?" అన్నాడు ఫోర్‌మన్, నవ్వబోయి నవ్వలేక.

"ఇది నాది" అంది. గేటు దగ్గర కాపలావాడు పీటకేసి వింతగా చూశాడు. ఆమె తల తిప్పకుండా వెళ్లిపోయింది.

ఫోర్‌మన్ యంత్రం దగ్గరికి తిరిగొచ్చాడు. నూనెగుడ్డ మీద కట్టర్ ఉంది. నల్లచుక్కలన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి, బయటికి మాత్రం ఒక్క కోతైనా ఎరగని అంచులు.