పిన్ని కుర్చీకి ఇంకొకరు

పిన్ని మీద విచారణ స్టాఫ్ రూములో పెట్టారు. పొడవాటి బల్లకు ఆ వైపున స్కూల్ బోర్డు చైర్మన్, ఆయన పక్కన బోర్డు తరఫు లాయరమ్మ. ఈ వైపున పిన్ని ఒక్కతే. నన్ను గోడ వారన బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను సాక్షిని.

జరిగింది ఇది. వాన కురుస్తుండగా మా తరగతి పైకప్పు నుంచి పెచ్చులు ఊడి పడ్డాయి. పిన్ని మాకు కుట్టుపని నేర్పుతుంది. అందరినీ లేపి వరండాలోకి తీసుకెళ్ళింది. హెడ్మాస్టర్‌ను అడగకుండా తరగతి ఖాళీ చేయించడం క్రమశిక్షణ తప్పడమని బోర్డు ఆమెను సస్పెండ్ చేసింది. అంతకుముందు ఆ పైకప్పు సంగతి ఆమె తల్లిదండ్రుల మీటింగులో అందరి ముందూ అడిగింది. చైర్మన్‌కు అది గుచ్చుకుంది. తప్పు రుజువైతే ఆమె ఉద్యోగం పోతుంది. బాబాయి నడుం నొప్పితో మంచం దిగడం లేదు కాబట్టి ఇల్లు నడిచేది ఆ ఉద్యోగంతోనే.

పదిమందిలో మాట్లాడాలంటే నా నాలుక పిడచకట్టుకుపోతుంది. పొద్దున జడ వేస్తూ పిన్ని చెప్పింది.

"చూసింది చెప్పు చాలు. నన్ను గట్టెక్కించాలని కథలు అల్లకు. నీ అల్లికలు ఎంత బాగుంటాయో నాకు తెలుసు కదే."

లాయరమ్మ ముందుగా పిన్నితో మాట్లాడింది.

"చూడండమ్మా, నేను బోర్డు లాయర్ని. మీ మేలు చూడడం నా పని కాదు. విచారణ పద్ధతిగా జరిగేలా చూడడం వరకే నా పని. తెలిసిందా?"

"తెలిసింది. పోనీ టీ అయినా తాగుతారా?"

"వద్దండీ." లాయరమ్మ చైర్మన్ వైపు తిరిగింది. "ఈవిడను తీసేయాలని ముందే అనేసుకోలేదు కదా?"

"భలేవారే! మేమంత తొందరపడే మనుషులమా?"

ఆయన నన్ను లేవమన్నారు. "ఏమ్మా, ఆ రోజు ఏం చూశావ్?"

"పెచ్చు..." అని ఆగిపోయాను.

"కాస్త గట్టిగా చెప్పు. చీమలకు చెప్తున్నావా?"

అప్పుడే తలుపు తోసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. చేతిలో బట్టల సంచీ, చంకలో కుట్టుపెట్టె. ముఖం నిండా చెమట.

"నమస్కారం సార్! నేను కుట్టుపని టీచర్ని. ఇవాళే చేరమన్నారు కదా. ముందు ఏ క్లాసుకి వెళ్ళమంటారు?"

చైర్మన్ గొంతు సవరించుకున్నారు. "మీరు కాసేపు... బయట..."

"అదేంటి సార్? పాతావిడ పని అయిపోయింది, వెంటనే వచ్చెయ్యమని మీరే ఫోన్ చేశారు. చేస్తున్న ఉద్యోగం మానేసి మరీ వచ్చాను."

"ఆ పాతావిడను నేనే," అంది పిన్ని. "కూర్చోండి. ఎండన పడి వచ్చినట్టున్నారు."

లాయరమ్మ పెన్నుకు మూత పెట్టేసింది.

"విచారణ ఇక్కడితో ఆపండి."

"ఏదో నోరు జారి అన్నాను మేడమ్..."

"తీర్పు ఇచ్చేసి విచారణకు కూర్చున్నారు. ఈవిడ కోర్టుకెళితే మీ తరఫున నేను ఒక్క మాట మాట్లాడలేను. పైగా ఇంకొకావిడ ఉన్న ఉద్యోగం ఊడగొట్టారు. ఒక తలనొప్పి వదిలించుకోబోయి రెండు నెత్తికెత్తుకున్నారు."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"సస్పెన్షన్ ఎత్తేయండి. అంతగా విచారించాలనుకుంటే బోర్డుకు సంబంధం లేని మనిషిని పెట్టి మొదటినుంచి మొదలుపెట్టండి. కొత్తావిడ సంగతి తర్వాత మాట్లాడదాం."

చైర్మన్ చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు. సరేనన్నారు. లాయరమ్మ అక్కడికక్కడే ఆ మాట కాగితం మీద రాసి ఆయనతో సంతకం పెట్టించింది.

నేనింకా నిలబడే ఉన్నాను.

"నువ్వు కూర్చోమ్మా," అంది లాయరమ్మ.

"అంటే నా ఉద్యోగం ఉన్నట్టా, లేనట్టా?" అని పిన్ని అడిగింది.

"ఉన్నట్టే. రేపు బడికి రండి. వీళ్ళు మళ్ళీ మొదలుపెడితే నేనూ వస్తాను. వీళ్ళ తరఫునే."

"అలాగే," అంది పిన్ని.

కొత్తావిడ ఒళ్ళో కుట్టుపెట్టె పెట్టుకుని ఒక్కొక్కరి ముఖం చూస్తోంది. పిన్ని లేచి ఆమె బట్టల సంచీ అందుకుంది.

"సాయంత్రం దాకా బస్సు లేదు. మా ఇంటికి రండి, భోంచేసి వెళుదురుగాని."

"మీ ఇంటికా? నేనా?"

"ఇందులో మీరు చేసిందేముంది? నడవండి."

నేను వాళ్ళ వెనకే నడిచాను.