శ్రుతి దిగిన పియానో

నేను ఒక పియానోని. గోడకి ఆనించి నిలబెట్టే రకం. షికాగోలోనే పుట్టాను. కర్మాగారంలో నా తీగలు బిగించినవాడు ఒక్కొక్కదాన్నీ పసిపిల్ల ఏడుపు విన్నట్టు చెవి ఒగ్గి విన్నాడు. తరవాత ఓ షావుకారు గారింటికి వెళ్ళాను. ఆయన కూతుళ్ళు పెళ్ళిచూపుల కోసం నన్ను నేర్చుకున్నారు. పెళ్ళిళ్ళయ్యాక ఒక్కతీ నా మూత తియ్యలేదు. అక్కణ్ణించి ఓ చర్చికి, చర్చి నుంచి రాస్కో గారి జాజ్ క్లబ్బుకి. దేవుడి పాటలు పలికిన నా తెల్ల నల్ల మెట్ల మీదే వారం తిరక్కుండా తాగుబోతుల పాటలు వాయించారు. మనుషులకే అభ్యంతరం లేనప్పుడు నాకేం?

క్లబ్బంటే మేడలూ దీపాలూ అనుకునేరు. చెప్పుల దుకాణం కింద నేలమాళిగ ఇది. ఒక్క కిటికీ లేదు. దక్షిణాది పత్తిచేలు వదిలి రైళ్ళెక్కి వచ్చిన నల్లవాళ్ళు పగలంతా కబేళాల్లో ఒళ్ళు హూనం చేసుకుని ఇక్కడికి దిగేవారు. పాట ఒకటే, ఒకడు ఎత్తుకుంటే ఇంకొకడు విరుస్తాడు, మూడోవాడు దాన్ని నవ్విస్తాడు.

సారా నిషేధం రోజుల్లో పోలీసులొస్తే సీసాలు నా పొట్టలో దాచేవారు. అందులో ఒకటి పగిలింది. ఆ తడికీ ఈ చెమ్మకీ లోపలి చెక్క చీలింది. శ్రుతి చేసేవాడు వచ్చి చూసి, "గట్టిగా బిగిస్తే తీగలు తెగుతాయి. శ్రుతి ఒక మెట్టు తగ్గించే ఉంచుకోండి" అని చెప్పిపోయాడు. ఆ తరవాత రాస్కో గారు, వచ్చినవాళ్ళ కోట్లు పెట్టడానికని, వీధిలోంచి కిందికి దిగే మెట్ల దారిలో ఓ గది కట్టించారు. గోడ లేచాక గాని నా సంగతి గుర్తు రాలేదు. దారి సన్నబడింది, నేను పట్టను. ఇక ఇక్కడినుంచి బయటికి రావాలంటే ముక్కలుగా రావాల్సిందే.

ఆ రోజుల్లోనే ఐవీ వచ్చింది. గ్లాసులు కడిగే పిల్ల. మొగుడు పోయాడు, చంకలో కోరా అని ఓ పసిది. పని లేనప్పుడు నా దగ్గర కూర్చుని, విన్నదాన్ని విన్నట్టు వెతుక్కుంటూ నేర్చుకుంది. నా శ్రుతి ఒక మెట్టు దిగింది కదా, సాక్సాఫోన్ వాళ్ళతో కలవాలంటే ఆ పిల్ల ప్రతి పాటా ఒక మెట్టు పైకి జరిపి వాయించాలి. జరుపుతున్నానని కూడా తెలియదు దానికి. ఊళ్ళో అందరి వేళ్ళూ ఒకచోట ఉంటే దీని వేళ్ళు పక్కచోట ఉండేవి. నాకది తెలుసు. చెప్పడానికి నోరేది?

కోరాకి దగ్గు పట్టుకుంది. ఈ చెమ్మలో ఉంచితే పిల్ల దక్కదని డాక్టరు చెప్పాడు. అప్పుడే డెట్రాయిట్ నుంచి ఆంబ్రోస్ గారనే సాక్సాఫోన్ పెద్దమనిషి, తన క్లబ్బుకి పియానో మనిషి కావాలని వచ్చారు. జీతంతో పాటు మేడ మీద గాలి వెలుతురున్న గది. ఆయన ముందు పరువు పోకూడదని రాస్కో గారు ఆ ఉదయమే సన్నదారిలో పట్టే కొత్త బుల్లి పియానో దింపించి, నన్ను మూలకి నెట్టి, నా నెత్తిన గ్లాసులు పెట్టారు.

మధ్యాహ్నం ఆయనకి వాయించి చూపడానికి ఐవీ కొత్తదాని ముందు కూర్చుంది. పాట మొదలైంది. కొత్తదాని శ్రుతి సరిగ్గానే ఉంది; ఐవీ వేళ్ళు మాత్రం అలవాటు చోటికే, ఒక మెట్టు పైకే పోయాయి. సాక్సాఫోన్ ఒక దారి, పియానో ఒక దారి.

డ్రమ్ములాయన కర్రలు ఆపి, "గ్లాసులు కడిగిన చెయ్యి కదమ్మా, జారుతోంది" అన్నాడు. అందరూ నవ్వారు.

ఈ జాజ్ వాళ్ళకో ఆచారం ఉంది. చేతకానివాణ్ణి లేచిపొమ్మనరు. ఎవరికీ కొరుకుడు పడని శ్రుతి అందుకుంటారు; వాడే సిగ్గుపడి లేచిపోతాడు. ఆంబ్రోస్ గారు మర్యాదగా గొంతు సవరించుకుని, "ఒక మెట్టు పైకి, కాస్త వేగంగా" అన్నారు.

ఐవీ చేతులు కదలక్కర్లేకపోయింది. ఆయనడిగిన పై మెట్టు మీదే దాని వేళ్ళున్నాయి; ఉన్నచోటే ఇల్లు. పాట పరుగెత్తింది. ట్రంపెట్ వాడు తడబడి ఆపేశాడు. డ్రమ్ములాయన నవ్వడం మరిచిపోయాడు. చివరికి మిగిలింది ఆంబ్రోస్ గారూ ఐవీయే.

"మొదటిదెందుకమ్మా అలా తగలేశావు?" అని అడిగారాయన.

"ఆ మూలనున్న ముసలిదాని మీద నేర్చుకున్నానండీ. దాని శ్రుతి దిగిపోయిందని నాకిప్పుడే తెలిసింది. నాకు కష్టమైనవే వచ్చు, తేలికవి రావు."

ఆయన పడీ పడీ నవ్వారు. "తేలికవి నెల్లాళ్ళలో వస్తాయి. కష్టమైనవి వీళ్ళకి పుట్టి బుద్ధెరిగాక రాలేదు. పిల్లకి దుప్పట్లు సర్దుకో."

వెళ్ళేరోజు కోరాని ఎత్తుకుని ఐవీ నా దగ్గరికొచ్చింది. గ్లాసులు తీసి కిందపెట్టింది. మూత తీసింది.

"కానీవే, ఒక్కటి వాయించి వెళ్ళు" అన్నారు రాస్కో గారు.

దాని చెయ్యి నా మెట్ల దాకా వచ్చి ఆగింది.

"వద్దు బాబాయ్. ముడితే మళ్ళీ వేళ్ళు ఇక్కడికే వస్తాయి. అక్కడ తేలికవి నేర్చుకోవాలి."

చెయ్యి కోటు జేబులో పెట్టుకుంది. ముట్టకు తల్లీ, ముట్టకు అని నేనూ అనుకున్నాను.