జీపుకు పసుపునీళ్లు

మా ఆయనకి ఏది పట్టినా పిచ్చే. కొన్నాళ్లు పావురాలు, కొన్నాళ్లు పాత రేడియోలు. ఆఖరికి మిలిటరీ వాళ్లు ఎప్పుడో వేలంలో వదిలించుకున్న జీపొకటి, ఎన్ని చేతులు మారిందో ఏమో, పొదిలిలో ఎవరి దొడ్లోనో కనిపిస్తే దాన్ని లారీ మీద వేయించుకుని మార్కాపురం తెచ్చాడు. ఇంజను తుప్పు, సీట్లు ఎలుకల పాలు. వంటింటి రేకులు కురుస్తున్నాయని నేను మొత్తుకుంటే వినిపించుకోని మనిషి, ఆ జీపు రేకుల కోసం గిద్దలూరు షెడ్డు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు.

"పెళ్లాం బతికుండగానే సవతిని తెచ్చినావు గదయ్యా" అనేదాన్ని.

"సవతి కాదు తనూజా, అత్తగారనుకో. మర్యాదగా చూసుకో" అని నవ్వేవాడు.

ఆయన పేరు ఆదిశేషు. కంభం రోడ్డులో మాకు టైర్ల దుకాణం ఉంది. మా మామ నరసయ్య మిలిటరీలో డ్రైవరుగా చేసి పింఛనుతో వచ్చినవాడు. జీపు తెచ్చింది ఆయన కోసమేనని మా ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. మామ యుద్ధంలో తోలింది ఇలాంటి జీపునే. కానీ ఆ యుద్ధం సంగతి ఆయన ఇంట్లో ఏనాడూ ఎత్తలేదు. ఎవరైనా అడిగితే "బండి తోలినా, అంతే" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాడు.

జీపు తయారై ఇంటికొచ్చింది. మిలిటరీ ఆకుపచ్చ రంగు మామూలు జనం వేసుకోకూడదని షెడ్డువాళ్లు అంటే, మా ఆయన మూతి ముడుచుకుని ఇసుకరంగు వేయించుకొచ్చాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. ఫోటోలు దిగింది. మామ మాత్రం కొత్త స్టీరింగు వైపు కన్నెత్తి చూడలేదు. వెనక్కి పోయి, తలుపు కిందికి దించి, లోపల నేలరేకు మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. ఆ పూట సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. అది మొదలు ఆయన తిండి తగ్గింది, మాట తగ్గింది. పొద్దున లేస్తే వాకిట్లో కాకుండా దొడ్డివైపు కూర్చునేవాడు. జీపు కనపడకుండా అలా కూర్చుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. మా ఆయనకి చెప్తే "వయసు మీదపడింది గదా తనూజా, నీరసం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

పంద్రాగస్టు ఊరేగింపులో జీపు ముందు నడవాలని ఏర్పాటు. యూనిఫారంలో ఉన్న మామ పాత ఫోటోతో మా ఆయన ఫ్లెక్సీ కొట్టించాడు. మామ మెడల్స్ పెట్టుకుని ముందు సీట్లో, బడిపిల్లలు జెండాలు పట్టుకుని వెనక.

"అందరికీ మాటిచ్చేసినా నాయనా. నువ్వు రాకపోతే రేపట్నుంచి బజార్లో తలెట్ల ఎత్తుకోవాల?" అని వెంటపడ్డాడు.

"చూద్దాంలేరా" అనేవాడు మామ. ఆ మాటకి అర్థం రానని. కన్నకొడుక్కి ఆ సంగతి తెలియలేదు.

ముందురోజు జీపుకి పూజ పెట్టుకున్నాం. మా ఆయన చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు, బానెట్‌కి పసుపు కుంకుమలు పూసి దండ వేశాడు. గుమ్మడికాయ కొట్టబోతుంటే మామ బకెట్టు పట్టుకుని వచ్చాడు.

"అమ్మా తనూజా, దీంట్లో పసుపు కలుపు. రవంత ఎక్కువే వెయ్యి."

చక్రాలు కడుగుతాడేమో అనుకుని కలిపిచ్చాను. ఆయన వెనక్కి పోయి, వంగి, జీపు నేలరేకు మీద ఆ నీళ్లు పోసి కొబ్బరిపీచుతో తోమడం మొదలుపెట్టాడు. మూలలు, సందులు, నట్ల చుట్టూ. మా అత్త ఆదిలక్ష్మమ్మ హారతిపళ్లెంతో గడప దాటబోయి ఆగిపోయింది. మా వైపు బండి వెనక పసుపునీళ్లు పోసేది ఒక్కందుకే. శవాన్ని దించిన ట్రాక్టరుకో ఆటోకో పోస్తారు, అదీ తిరిగి ఇల్లు చేరేముందు. మంచికి పోయరు.

"ఏంది నాయనా ఇది! శుభమా అని పూజ చేస్తుంటే ఇట్లాంటి పనా?" మా ఆయన కేకలేశాడు. నిజం చెప్పాలంటే నాకూ కోపమే వచ్చింది.

అత్త పళ్లెం కింద పెట్టింది. దగ్గరికి పోయి నెమ్మదిగా అడిగింది.

"ఎవర్ని మోసినావయ్యా?"

మామ తోముతూనే చెప్పాడు.

"కోటేశ్వర్లని. పామూరు పక్కోడు. మా బెటాలియన్లో తెలుగోళ్లం మేమిద్దరమే. కడుపులో తగిలింది. ఎనక పండబెట్టినారు. ఆస్పత్రి దాకా యాడా ఆపొద్దని నాకు ఆర్డరు. దారంతా గుంతలు. 'నరసయ్యా, కుదుపుకి ఓర్చుకోలేకుండా ఉండా, రవంతసేపు ఆపు' అన్నాడు. మళ్లా అన్నాడు. నేను ఆపలా. ఆపితే చస్తాడని తోలినా. పోయి దించి చూస్తే ఎప్పుడు పోయినాడో కూడా తెలీలా."

పీచు కింద పెట్టి చేతులు చూసుకున్నాడు.

"ఆడ పసుపు యాడుంటాది? ఉత్తనీళ్లతో కడిగినా. మర్నాడు అదే బండిలో బియ్యం మూటలు తెచ్చినాం. అందరం తిన్న్యాం."

మా ఆయన చేతిలోని గుమ్మడికాయ కింద పెట్టేశాడు. "అది ఈ జీపు కాదు గదా నాయనా" అన్నాడు.

"కాదురా. అది యాడుందో నాకేం తెల్సు? నాకు దొరికింది ఇదే."

అత్త కొంగు బిగించి ఆయన పక్కన చేరింది. ఇంత కాలం కాపురం చేసి ఈ మాట వినని మనిషి, మిగిలిన నీళ్లు మూలలకి పోసింది. నాకు ఏడుపు ఆగలేదు.

"రేపు పోవద్దులే నాయనా. బండి షెడ్డులో పెట్టేస్తా" అన్నాడు మా ఆయన.

"వస్తా" అన్నాడు మామ. "ముందర కూసోను. ఎనక కూసుంటా. పిల్లోళ్లని ఎక్కించొద్దు. ఒక్క మాట మాత్రం. నేను ఆపు అంటే ఆపాల."

తెల్లారి ఊరేగింపులో మామ మెడల్స్ పెట్టుకోలేదు. ఉతికిన పంచె కట్టుకుని, వెనక సీటు మీద కాకుండా నేలరేకు మీదే కూర్చున్నాడు. ముందు సీట్లో మా ఆయన పక్కన నేను కూర్చున్నాను. వెనకాల బడిపిల్లల బ్యాండు, ఆ వెనక ట్రాక్టర్లు. జనం చప్పట్లు కొడుతున్నారు. ఫ్లెక్సీలో ఉన్న మనిషి ఏడని కొందరు వంగి వంగి చూశారు. బస్టాండు దాటాక రోడ్డు గుంతలు. జీపు ఎగిరెగిరి పడింది.

"ఆపు" అన్నాడు మామ.

మా ఆయన నడిరోడ్డు మీద బ్రేకు వేశాడు. వెనక బ్యాండు గందరగోళమై ఆగింది. ట్రాక్టర్లు హారన్లు కొట్టాయి, పోలీసు విజిలేశాడు. కమిటీ పెద్ద ఒకాయన పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది శేషూ, బండి మొరాయించిందా?"

"లేదన్నా. ఆపమన్నాడు, ఆపినా."

నేను వెనక్కి తిరిగాను. మామ పక్కనున్న ఖాళీ రేకు మీద చెయ్యి వేసి, పసిబిడ్డని జోకొట్టినట్టు తడుతున్నాడు.

"ఆపించినాలే కోటేశ్వర్లూ" అంటున్నాడు. "రవంతసేపు పండుకో."

హారన్లు మోగుతూనే ఉన్నాయి. మా ఆయన తాళం తిప్పి ఇంజను కట్టేశాడు.