జానెడు జానెడు జరిగే గోడ

రండి, ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి. గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దాయనా, మీరు కూడా. నిలబడి వింటే కథ మోకాళ్ళ దాకానే వస్తుంది. ఆ పైవాడు నాకు గొంతిచ్చాడు, మీకు చెవులిచ్చాడు, మనందరికీ ఈ కాస్త తీరిక ఇచ్చాడు. ఆయనకో దండం పెట్టుకుని మొదలుపెడతాను.

ఒక వీధిలో ఒకే కప్పు కింద రెండు దుకాణాలుండేవి. ఎడమవైపు పుస్తకాల బైండింగు, కుడివైపు కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే పని. పుస్తకాలు కుట్టేది అక్క, మోటార్లు చుట్టేది తమ్ముడు. ఎప్పుడు చూసినా అట్టముక్కల మధ్య కూర్చుని ఉంటుందని వీధంతా ఆవిణ్ణి అట్టలక్క అనేవాళ్ళు.

మొదట్లో అది ఒకటే హాలు, తండ్రి ఇచ్చి వెళ్ళింది. దాన్ని విడగొట్టింది ఆస్తి తగాదా కాదు, ఫ్యాను. తమ్ముడికి వార్నిషు వాసన పోవడానికి ఫ్యాను అయిదు మీద తిరగాలి. అక్కకి విడి కాగితాలు కదలకుండా ఉండాలంటే అది ఒకటి దాటకూడదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఎవరిదో జాతకాల పుస్తకం తొంభై పేజీలు లేచి వీధిలోకి పోయాయి. వాటి వెనక మాటలు లేచాయి. వారం తిరక్కుండా ఇటుకలొచ్చాయి.

గోడ కట్టేటప్పుడు మేస్త్రిని ఇద్దరూ ఒక్కటే అడిగారు, బొటనవేలు పట్టేంత కన్నం వదలమని. ఇద్దరి కంప్యూటర్లనీ కలిపే తీగ పోవాలి కదా. పలకరింపులు మానేశారు, పండూ ఫలమూ పంచుకోవడం మానేశారు గానీ, మధ్యాహ్నం భోజనాలయ్యాక షట్టరు సగం దించి గంటసేపు ఆడుకునే రాజ్యాలాట మాత్రం మానలేదు. ఆ గంటసేపే ఆ కన్నంలోంచి మాటలు నడిచేవి.

ఆట మీలో కొందరికి తెలిసే ఉంటుంది. తెరమీద చెరో రాజ్యం. పొలాలు దున్నించుకోవచ్చు, బళ్ళు కట్టించుకోవచ్చు, లేదంటే సైన్యం పెంచి పక్కవాడి ఊళ్ళు లాక్కోవచ్చు. తమ్ముడి చేతికి రాజ్యం వస్తే మొదటి రోజే గుర్రాలశాల లేచేది. అక్క చేతికి వస్తే కాలవ తవ్వేది. ఆవిడ సైన్యమంతా కలిపి ఇద్దరు కాపలావాళ్ళు, వాళ్ళలో ఒకడు ఎప్పుడూ నిద్రే.

ఆటలో సరిహద్దు ఎటు జరిగితే దుకాణంలో గోడ అటు జరిగేది. ఒక ఊరు పోతే ఒక జాన. చప్పుడేమీ ఉండదు, కాస్త సున్నం రాలుతుంది, అంతే. పుస్తకాలు తెచ్చేవాళ్ళు కుర్చీ ఎడంగా లాక్కుని, "నిన్న కూడా తమ్ముడిదేనా?" అని అడిగి కూర్చునేవాళ్ళు. సున్నం వేసే ఆయన్ని పిలిస్తే, "ఆదివారం వస్తానమ్మా, ఆ రోజు మీరు ఆడరుగా" అన్నాడు.

అలా ఆరునెలల్లో గోడ పదకొండు జానలు అక్క వైపు నడిచింది. జిగురు బల్ల చిన్నదైంది, బీరువా మూలకి పోయింది. చివరికి గోడ కటింగ్ మిషను దాకా వచ్చింది.

ఆ మిషను సంగతి చెప్పాలి. నిలువెత్తు ఇనుము, నాలుగు బోల్టులతో నేలకి బిగించి ఉంటుంది. పక్కన బారెడు పిడి. ఆ పిడి పట్టి ఒక్క తిప్పు తిప్పితే పుస్తకం అంచు గాజుపలకలా తెగుతుంది. గోడ ఇంకొక్క జాన వస్తే పిడి తిరగదు. పిడి తిరక్కపోతే ఆ దుకాణం లేదు. శనివారానికి లైబ్రరీకి రెండొందల పుస్తకాలివ్వాలి. కుట్లు పడ్డాయి, జిగురు ఆరింది, అంచులు కొయ్యాలి, ఆ తరవాతే అట్టలు. అప్పటికి గురువారం.

మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని ఆవిడ భర్త వచ్చాడు. బస్సు కండక్టరు, పొద్దుటి డ్యూటీ. గోడకీ పిడికీ మధ్య బెత్తెడు పెట్టి చూశాడు.

"ఒక్క ఊరే ఉందిగా నీకు అంచున?"

"ఒక్కటే."

"ఖజానా నిండా బంగారం మూలుగుతోంది. గుర్రాలు కొనవే. జనం ఎక్కకముందే బస్సు నింపేసినట్టు నింపెయ్ ఆ మైదానం."

"జనం ఎక్కకుండా బస్సెలా నిండుతుందండీ?"

"అది నా బాధ. నీ పిడి సంగతి చూడు. ఆరునెలలుగా కాలవలు తవ్వుతున్నావు, ఆ నీళ్ళన్నీ మీ తమ్ముడు తాగుతున్నాడు."

ఆవిడ అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మనసులో దేవుణ్ణి తలుచుకుని తెర ముందు కూర్చుంది. కన్నంలోంచి తమ్ముడి గొంతు వచ్చింది.

"అక్కా, భోంచేశావా?"

"చేశాను."

"అయితే ఆ ఊరివాళ్ళని మూటలు సర్దుకోమను. రేపటి దాకా ఎందుకు, ఇప్పుడే వచ్చేస్తాను."

ఆవిడ ఆరునెలల్లో ఎన్నడూ నొక్కని బొమ్మ నొక్కింది. నలభై గుర్రాలు. మైదానంలో అవి వరసకట్టి నిలబడ్డాయి. కండక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"హమ్మయ్య. ఇక తోలు."

తోలేదే. కానీ ఎదుటివాడెలా ఉన్నాడో ఒకసారి చూద్దామనుకుంది. అది ఆవిడ పనివాటం. ఎంత తొందరలో ఉన్నా కత్తి దించేముందు కాగితాల దొంతరని వంగి ఒకసారి పక్కనించి చూస్తుంది. గుర్రాలని వదిలేముందు కూడా అలాగే వంగి, కన్నానికి కన్ను ఆనించింది.

పదకొండు జానలు గెలుచుకున్న దుకాణం అవతల బోసిగా ఉంది. అంత చోటులో నింపడానికి ఏమీలేక, ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచి పానా తెచ్చుకుంటున్నాడు తమ్ముడు. బల్ల కింద మూడు మోటార్లు, ఈ నెలలో వాడు చుట్టినవే, మళ్ళీ కాలి తిరిగొచ్చాయి. వాడు తెర వైపు ఒక కన్నేసి, కత్తెరతో కాగితం ముక్కలు కత్తిరిస్తున్నాడు. తీగ ఇనుముకి తగలకుండా మోటారు గాడుల్లో పరిచే దళసరి కాగితమది. గోడ రాకముందు దాన్ని అక్కే ఈ మిషను మీద కోసి ఇచ్చేది, ముక్కముక్కకీ వెంట్రుకవాసి తేడా లేకుండా. ఇప్పుడు అంచులన్నీ వంకరటింకర. వంకర ఉన్నచోట తీగ ఇనుముకి తగులుతుంది, మోటారు కాలుతుంది.

ఏ మిషను లేక వాడి పని పాడవుతోందో, ఆ మిషను మీదకే గోడ తోలుతున్నాడు. ఆ సంగతి వాడికి తట్టనే లేదు.

ఆవిడ కన్ను తీసి తెర చూసింది. వాడి రాజ్యంలోనూ అదే వరస. ఇరవై కోటలు, ఒక్క పొలం లేదు. ధాన్యం కొట్టు దగ్గర సున్నా.

"నాలుగు ఆటల్లో వాడి సైన్యం ఆకలికి పారిపోతుంది. దెబ్బ కొట్టడానికి ఇదే సమయం" అన్నాడు కండక్టరు.

"ఏవండీ, ఈ గుర్రాలకి బళ్ళు కట్టొచ్చా?"

"బళ్ళా? దేనికి?"

ఆవిడ అప్పటికే కట్టేసింది. ఆరునెలల కాలవల పంటంతా నలభై బళ్ళకెత్తించి, కాపలావాళ్ళిద్దర్నీ ముందు బండి ఎక్కించి తోలింది. నిద్రపోయేవాడు కూడా లేచాడు.

అవతల కుర్చీ కిర్రుమంది.

"వచ్చావా అక్కా దారికి. ఇన్నాళ్ళకి గుర్రాలు తోలావు. రా, రా." కోట ముందు వాడి సైన్యం బారులు తీరింది. గుర్రాలు వచ్చి ఆగాయి. వాటి వెనక బళ్ళు ఆగాయి.

అవతల కుర్చీ మళ్ళీ కిర్రుమంది.

"ఇవేంటక్కా?"

"గింజలు."

"లోపల మనుషుల్ని దాచలేదు కదా?"

"బస్తాలు విప్పి చూసుకో."

వాడు చూశాడండీ. నమ్మండి, నలభై బళ్ళూ ఒక్కొక్కటే విప్పి చూశాడు. కండక్టరు తలపట్టుకుని, "టికెట్ చెకింగు కూడా ఇంత ఉండదు" అన్నాడు.

"ఎందుకిదంతా?" అని అడిగాడు తమ్ముడు, గొంతు తగ్గించి.

"నీవాళ్ళు తిని ఎన్నాళ్ళయిందో చూసుకున్నావట్రా? ముందు తిననీ. ఊరెక్కడికీ పోదు, తరవాత తీసుకుందువుగాని."

బళ్ళు లోపలికి రావాలంటే కోట తలుపు తియ్యాలి. వాడు ఆటలో ఎన్నడూ తలుపు తియ్యలేదు, తీసే బొమ్మ ఎక్కడుందో వెతుక్కున్నాడు. దొరికాక నొక్కాడు.

గోడకి, కటింగ్ మిషను పక్కనే, ఒక తలుపు వచ్చింది. గడప, గడియ, అన్నీ ఉన్నాయి. తెరమీద సరిహద్దున ఉన్న సైనికులు తిండికి ఇళ్ళవైపు మళ్ళారు. వాళ్ళు ఎంత వెనక్కి నడిస్తే గోడ అంత వెనక్కి నడిచింది. ఒక జాన, రెండు, మూడు, నాలుగు. కాస్త సున్నం రాలింది. కండక్టరు లేచి చీపురు తెచ్చాడు.

అట్టలక్క పిడి పట్టి ఒక తిప్పు తిప్పింది. ఎక్కడా తగల్లేదు.

అప్పుడు తలుపు మీద ఎవరో కొట్టారు. గడియ తీస్తే తమ్ముడు, చంకలో దళసరి కాగితం చుట్ట.

"బావా, బాగున్నావా?" అన్నాడు ముందు, అక్కని చూడలేక. తరవాత చుట్ట బల్లమీద పెట్టాడు. "అక్కా, కాస్త కోసిపెడతావా? మూడు మోటార్లు తిరిగొచ్చాయి."

"చూశాను."

"ఎలా చూశావు?"

"కన్నం మేస్త్రి తీగకోసమే వదిలాడనుకున్నావా?"

ఆవిడ కాగితం మడిచి దొంతర పెట్టింది, వంగి పక్కనించి ఒకసారి చూసి, పిడి తిప్పింది. రెండొందల ముక్కలు ఒక్క కోతలో. వాడు ఒక ముక్క అంచు మీద వేలు నడిపి, "ఫ్యాను ఒకటి మీద పెట్టే వచ్చాను" అన్నాడు.

శనివారం లైబ్రరీ పుస్తకాలు వెళ్ళాయి, సగం మోసింది తమ్ముడే. ఆ తరవాత వాడు చుట్టిన మోటారు కాలి తిరిగి రాలేదు. ఆట మాత్రం ఈనాటికీ ఆడతారు. వాడికి గుర్రాల మోజు పోలేదు, అప్పుడప్పుడు గోడ ఒక జాన అటూ ఇటూ అవుతుంది. తలుపు మాత్రం గోడతోపాటే నడుస్తుంది, మూతపడదు.

ఇంతే కథ. లేచేముందు ఒక్క మాట అడుగుతాను, కాదనకండి. ఇందులో మిగతాదంతా మరిచిపోయినా, నలభై గుర్రాలు సిద్ధంగా ఉండి కూడా ఆవిడ ముందు వంగి ఆ కన్నంలోంచి చూసిన సంగతి గుర్తుపెట్టుకోండి. మీకూ ఎవరిమీదకో గుర్రాలు తోలాలనిపించిన రోజు వస్తుంది. ఆ రోజు దేవుణ్ణి తలుచుకుని, వంగి, ఒక్కసారి చూడండి. చూశాక, గుర్రాలకి ఏం కట్టాలో మీ చేతులకే తెలుస్తుంది.