కన్ను తెరవని వీరన్న

మూడేండ్లుగా వీరన్న దూలానికి వేలాడుతూనే ఉన్నాడు. తల, మొండెం పైన, కాళ్లూ చేతులూ గోనెసంచిలో. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా సిద్దమ్మ గీకితే, ఆమె మొగుడు గోపన్న రంగులద్ది, ఉలితో నగలు చెక్కాడు. కన్ను మాత్రం తెరవలేదు. తోలుబొమ్మకు కన్ను ఆఖరున చెక్కాలి. చెక్కితే ప్రాణం పోసినట్టే. ఇక ఆడించి తీరాలి.

గోపన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. వీరన్న ఏ పురాణంలోనూ లేడు. బేతంచెర్ల బండల గనుల్లో పుట్టి, కొండను భుజానికెత్తుకుని, దాని కింద దాగిన ఏటిని ఊళ్లకు వదిలే వీరుడు. కరువు రోజుల్లో గోపన్న తలలో పుట్టాడు. గోపన్నే వాడి మీద వారం రోజుల ఆట అల్లాడు. పాటలన్నీ సిద్దమ్మకు నోటికొచ్చు.

మద్దెల వాయించే బొజ్జన్న వచ్చినప్పుడల్లా దూలం వైపు చూసి నవ్వేవాడు. "ఏమక్కా, మూడేండ్ల కడుపా ఇది? మంత్రసానిని పిల్చుకోని రమ్మంటావా?"

"నీ మద్దెల మోతకే బయపడి వాడు బయటికి రాకుండాడు లేప్పా!"

జాతర ముందురోజు ఊరిపెద్ద గుమ్మంలోకి వచ్చాడు. "గోపన్నా, పాత ఆటలు జనం శానా చూసినారు. కొత్తది రేపు ఆడతావా? లేదంటే టెంటు సినిమా వాండ్లకు మాటిస్తా. ఇంగ ఏటేటా జాతర వాండ్లదే."

"పొద్దు మునిగేలోపల చెప్తామప్పా," అంది సిద్దమ్మ.

ఆయన వెళ్లాక గోపన్న నసిగాడు. "కన్ను తెరిచినాక జనం నవ్వితే? నాకు వాడు ఉత్త తోలు మాదిరే కనపడతాండాడే."

"ఎనకాల నిలబడి చూస్తే తోలు గాక ఇంకేం కనపడతాది? మీ నాయన గాని, మీ తాత గాని, తెర ముందర కూర్చోని చూసినారా? నేను చూస్తా ఈపొద్దు."

మధ్యాహ్నమంతా కూర్చుని కాళ్లూ చేతులూ దారంతో కుట్టింది. పొద్దు వాలాక పెరట్లో తెల్లపంచె కట్టి, వెనక ఆముదం దీపం పెట్టారు. సిద్దమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తెర ఇవతల నేలమీద కూర్చుంది.

తెర వెనక బొజ్జన్న మద్దెల అందుకున్నాడు, గోపన్న వెదురుబద్దకు కట్టిన బొమ్మను ఎత్తాడు.

ఎర్రటి భుజం ముందు లేచింది. దానిమీద కొండ. తను గీకిన తోలే, తను కుట్టిన దారాలే. కానీ అక్కడ తోలు లేదు, దారం లేదు. పంచె అంతా నిప్పురంగు మనిషి నిండిపోయాడు. కొండ కదిలితే ఆమె వెన్ను జల్లుమంది. పాదం మోపితే తన కింద నేల అదిరినట్టయింది. పాట ఎత్తుకోవాల్సిన చోట చేతులు వాటంతట అవే జోడయ్యాయి.

మద్దెల ఆగింది. "ఏమక్కా, పాట మరిచినావా?" అని బొజ్జన్న తెర పక్కనుంచి తల బయటపెట్టాడు. తెరవైపు తిరిగి చూసి, ఆ తల మళ్లీ లోపలికి తీసుకోలేదు.

"ఏమైందే? పలుకు!" తెర వెనకనుంచి గోపన్న కేకేశాడు.

"కన్ను తెరువయ్యా," అంది సిద్దమ్మ. "నేను చూస్తాండా గదా. వాడు గూడా నన్ను చూడల్ల."

తెర ఖాళీ అయింది. తర్వాత ఉలి మీద చిన్న దెబ్బ. వీరన్న మళ్లీ తెర మీదికి వచ్చినప్పుడు ఆ ముఖంలో బియ్యపుగింజంత వెలుగు నిలిచి ఉంది. అది నేరుగా ఆమెవైపే చూసింది.

సిద్దమ్మ పాట ఎత్తుకుంది. చరణం సగంలో వెనక ఎవరో ఉన్నట్టనిపించి తిరిగింది. జవాబు కోసం వచ్చిన ఊరిపెద్ద దడి దగ్గరే చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు.