ఫిల్టర్ లేని ముఖం

"మొకం కడుక్కొని రా నవతా, ఎండ పోతున్నది."

ఆదివారం పొద్దున కమలాకర్ హాల్లోంచి పిలిచేసరికి నవత చికెన్‌కు ఉప్పూ పసుపూ పట్టిస్తోంది. స్టవ్ మీద ఒకవైపు పప్పు ఉడుకుతోంది, ఇంకోవైపు అత్తగారి కోసం పెట్టిన వేణ్ణీళ్లు మరుగుతున్నాయి. "పసుపు చెయ్యి మొకానికి తాకనీకు, టెస్ట్ ఖరాబైతది" అని మళ్లీ కేక వినిపించింది. నవత రెండు మంటలూ తగ్గించి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, ముఖం కడుక్కుని వచ్చింది. దివాన్ మీద కాళ్లు చాపుకుని కూర్చున్న పోచమ్మ కోడలిని ఎగాదిగా చూసింది.

"మొగడే కూసోవెట్టి మొకానికి క్రీములు పూస్తుండు. గిసుంటి నసీబు ఎవలకున్నది? మేమైతే పొయ్యికాడనే ముసలోల్లమైతిమి."

నవత బాల్కనీ పక్కన వెలుతురు పడేచోట వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఎదురుగా స్టాండుకు బిగించిన ఫోను. అది ఆన్ కాగానే కమలాకర్ మాట మారిపోతుంది, తార్నాక సందులోంచి నేరుగా టీవీ స్టూడియోకు వెళ్లినట్టు.

"లేడీస్, నమస్కారం. 'కొనొచ్చా?' ఛానెల్‌కి స్వాగతం. మెడికల్ షాపులో దొరికే క్రీములు నిజంగా పనిచేస్తాయా లేదా అన్నది మన ఇంటి ముఖం మీదే పరీక్షించి చెబుతాం. ఫిల్టర్ లేదు, మేకప్ లేదు." తర్వాత పెన్ను మూతతో చూపించడం మొదలుపెడతాడు. "ఇక్కడ చూడండి, ఓపెన్ పోర్స్. ఇది మంగు. కళ్ల కింద ఈ నలుపు గమనించండి. ఇక పై పెదవి మీద, ఇంకొంచెం దగ్గరగా చూద్దాం, వెంట్రుకలు."

పెన్ను మూత చల్లగా తగులుతుంటే నవత ఎదురింటి మేడ మీది నీళ్ల ట్యాంకు వైపు చూస్తూ కూర్చునేది. అన్ని వీడియోల్లోనూ ఆమె కనిపిస్తుంది. ఒక్కదాంట్లోనూ ఆమె మాట వినిపించదు, పేరు కూడా ఉండదు.

కమలాకర్ చెడ్డవాడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. పద్దెనిమిదేళ్లు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా మెట్టుగూడ నుంచి హబ్సిగూడ దాకా ప్రతి మెడికల్ షాపు మెట్టూ ఎక్కి దిగినవాడు. కంపెనీ సగం మందిని తీసేసినప్పుడు ఆ సగంలో పడ్డాడు. ఆ తర్వాత మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడమే పనైపోయింది. యూనివర్సిటీ లైబ్రరీలో నవత ఉద్యోగం ఉంది కాబట్టి ఇల్లు నడిచింది. కానీ, సాయంత్రం తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి పొద్దున వదిలి వెళ్లిన మనిషి అలాగే గోడను చూస్తూ ఉంటే ఆమెకు భయం వేసేది. ఒకరోజు ఆమె సన్‌స్క్రీన్ కొనుక్కొస్తే అతను లేచి కూర్చుని, డబ్బా వెనక అక్షరాలన్నీ చదివి, "ఇది ఉత్త మోసం, చూపిస్త దా" అన్నాడు. ఫోను తీశాడు. ఎన్నో నెలల తర్వాత ఆ రోజు అన్నం మళ్లీ పెట్టించుకుని తిన్నాడు. ముఖమే కదా, ఏం పోతుంది, ఇచ్చేద్దామనుకుంది నవత. అలా ఇచ్చింది.

ఆ సన్‌స్క్రీన్ కోసం మే నెల మిట్టమధ్యాహ్నం సగం ముఖానికి పూసుకుని, సగం వదిలేసి మేడ మీద నిలబడింది. చెల్లెలి గృహప్రవేశానికి పౌడరు కూడా రాసుకోకుండా వెళ్లింది, టెస్ట్ నడుస్తోందని. "నీ ఒక చెంప తెల్లగ, ఒక చెంప నల్లగున్నదేందక్కా?" అని చెల్లెలు అడిగితే నవ్వి ఊరుకుంది. క్యాంపస్‌లోనూ అంతే. పుస్తకం ఇష్యూ చేయించుకోవడానికి వచ్చిన అమ్మాయిలు ఆమె కళ్లలోకి కాకుండా చెంపల వైపు చూసేవారు. ఒకమ్మాయి ధైర్యం చేసి, "మేడం, మీ పోర్స్‌కి ఏ సీరం బాగా పనిచేసిందండీ?" అని అడిగితే, "ఛానెల్‌ల ఉంటది చూడమ్మా" అంది. తన చర్మానికి ఏది హాయిగా ఉందో, ఏది జిడ్డుగా ఉందో, ఏది రాత్రంతా దురద పెట్టిందో ఆమెకు స్పష్టంగా తెలుసు. కానీ దాన్ని తను చెప్పవచ్చన్న ఆలోచన రాలేదు. తీర్పు చెప్పడం ఛానెల్ పని. కూర్చోవడం తన పని.

ఆ ఆదివారం వంతు పై పెదవి వెంట్రుకలు తీసే క్రీముది. ఎవరో కొత్త కంపెనీవాళ్లు ఒక అట్టపెట్టె నిండా పంపించారు. కమలాకర్ చిన్న చెంచాతో దాన్ని ఆమె పెదవి మీద పరిచాడు. కాసేపటికి ముక్కు కింద చీమలు పాకినట్టయింది, ఆ వెంటనే మిరపపొడి పడ్డట్టు మంట.

"మండుతున్నది" అంది పెదవులు కదలనీయకుండా.

అతను ఫోను ఆపాడు. "జరసేపు ఓర్సుకో. రెండు నిమిషాలే. ఇంకోసారి తీస్త, కొంచెం నవ్వు."

నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగితే ఆ చెమ్మ వల్ల కళ్లు మెరిసి, వీడియోలో మొహం ఎన్నడూ లేనంత కళగా వచ్చింది. కడిగేశాక చూసుకుంటే పెదవి మీద ఎర్రటి చార. కమలాకర్ కంగారుపడ్డాడు. ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చి, గుడ్డలో చుట్టి తనే అద్దాడు. ఎరుపు తగ్గేదాకా ఆగి, రెండు రోజుల తర్వాత వీడియో మిగతా సగం తీశాడు. "చూశారుగా, ఎంత నున్నగా ఉందో! ఇది కళ్లు మూసుకుని కొనొచ్చు."

"మండిందని చెప్పరా?" అని అడిగింది నవత.

"మొదటిసారి ఒక కంపెనీ మనల్ని గుర్తువట్టింది, ఇప్పుడే ఖరాబ్ చేసుకుందమా? నీది సెన్సిటివ్ స్కిన్. అందరికి మండదు."

పోయిన నెల సబ్బు వీడియోలో అతనే "మా ఇంటావిడది మొరటు చర్మం, దీనికే పడిందంటే ఎవరికైనా పడుతుంది" అన్నాడు. అది నవతకు గుర్తొచ్చింది. చార గోధుమ రంగుకు తిరిగి, మెల్లగా చాలావరకు మాసిపోయేదాకా మాస్కు పెట్టుకుని లైబ్రరీకి వెళ్లింది.

లైబ్రరీలో పుస్తకాలు తిరిగి అరల్లో సర్దే పని పూర్ణిమది. కాంట్రాక్టు మనిషి, మౌలాలి నుంచి వస్తుంది. నవతకన్నా పదేళ్లు చిన్నది, నోరు ఊరుకోదు. తమ్ముడి పెళ్లికని సెలవు పెట్టి వెళ్లిన పూర్ణిమ తిరిగి వచ్చిన రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. మూతికి కర్చీఫు కట్టుకుని నేరుగా వెనక అరల మధ్యలోకి పోయింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పేవేళకు కూడా రాకపోతే నవతే వెతుక్కుంటూ వెళ్లింది. పాత పత్రికల కట్టల పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"ఏమైంది పూర్ణిమా? జరమా?"

పూర్ణిమ కర్చీఫు కిందికి లాగింది. పై పెదవంతా పొక్కి, చెక్కు కట్టి, ఒక మూల ఇంకా రసి కారుతోంది.

"పెండ్లికి ఒక్కరోజు ముందుగాల పెట్టిన అక్కా. నా తమ్మునికి అమ్మ లేదు కద, తల్లి లెక్క నేనే పీటలకాడ నిలవడాలె. ఫొటోలల్ల మంచిగ కనవడాలని. అన్ని ఫొటోలల్ల నోటికి కొంగు అడ్డం వెట్టుకున్న. కొత్త కోడలు నన్ను జూసి వాళ్లమ్మను అడుగుతున్నది, ఆమెకేమన్న రోగమా అని."

నవత అరను పట్టుకుంది. "ఏ క్రీము?"

అడగనక్కర్లేదు. పూర్ణిమ సంచిలోంచి ట్యూబు తీసి చూపించింది.

"మీ బావ వీడియోల చెప్పిండని కొన్నవా?"

"బావ సవాలక్ష చెప్తడు, ఆయన మూతికి పెట్టుకుండా? నీ మొకం జూసి కొన్న. నువ్వు నవ్వినవ్ కద అక్కా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. పూర్ణిమ ఉన్నదున్నట్టు చెప్పిందంతే. నవత ఆమె పక్కనే నేల మీద చతికిలబడింది. ఇన్నాళ్లూ తను పోగొట్టుకున్నది తన సిగ్గు ఒక్కటేననుకుంది. మంగూ మచ్చలూ ఊరంతా చూస్తే చూసింది, ఇంట్లో మనిషి లేచి తిరుగుతున్నాడు, అది చాలనుకుంది. ఆ కుర్చీలో ఒక బొమ్మ కూర్చుంది, మాట్లాడేది వేరే ఎవరో, తనకేం సంబంధం అనుకుంది. కానీ చూసే ఆడవాళ్లు అతని మాటలు వినడమే లేదు. వాళ్లు తన ముఖాన్ని చదువుతున్నారు. వంటింట్లోంచి తడి చేతులతో వచ్చి కూర్చున్న ముఖం, తమ ముఖంలాంటిదే, అబద్ధమాడదని నమ్ముతున్నారు. తను నోరు తెరవకుండానే వాళ్లతో మాట్లాడింది. మంట పుడుతుంటే హాయిగా ఉందని చెప్పింది.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడిచి, చీరైనా మార్చుకోకుండా సంగతంతా చెప్పింది. కమలాకర్ ముఖం చిన్నబోయింది. కానీ మాట మాత్రం తడబడలేదు.

"చెయ్యి మీద పెట్టి చూసుకోమని కింద రాసిన కద. ఎవరన్న ఒకరికి పడకపోతే మనమేం జేస్తం?"

"ఒకరికి కాదు. నాక్కూడ పడలే."

"ఇప్పుడు ఆ వీడియో తీసేస్తే కంపెనీవోడు మల్ల మన మొకం చూస్తడా? నన్ను మల్ల మంచంల పండమంటవా నవతా?"

ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయేవి, వేరే రోజైతే. ఆ ఒక్క భయంతోనే కదా ఇన్నాళ్లూ కుర్చీలో కూర్చుంది. ఇవాళ మాత్రం ఆమె కళ్ల ముందు పూర్ణిమ పెదవి ఉంది. అలమారలోని అట్టపెట్టె తెరిచి, ఒక ట్యూబు తెచ్చి అతని ముందు పెట్టింది.

"మీరు పెట్టుకోండ్రి."

"నాకెందుకు? ఇది ఆడోల్లది."

"మూతికి వద్దు. చేతికే పెట్టుకోండ్రి. రాసినరు కద, చూసుకోమని."

దివాన్ మీంచి పోచమ్మ మెడ సాచి చూసింది. తల్లి ముందు వెనకాడడం నచ్చలేదేమో, కమలాకర్ చొక్కా చెయ్యి మడిచి, మోచేతి లోపలివైపు మెత్తటి చోట క్రీము రాసుకున్నాడు. మొదట నవ్వుతూనే కూర్చున్నాడు. తర్వాత చెయ్యి ఊదుకున్నాడు. రెండు నిమిషాలు ఓర్చుకోమన్న మనిషి అంతసేపూ ఆగలేక బాత్రూంలోకి పరుగెత్తాడు. నల్లా ధార చాలాసేపు వినిపించింది.

"ఇంత మండుతదా?" అన్నాడు బయటికి వచ్చి. చెయ్యి తడిగా, ఎర్రగా ఉంది. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు.

"ఆనాడే చెప్పిన."

కమలాకర్ కుర్చీలో కూలబడ్డాడు. చాలాసేపు చెయ్యినే చూసుకున్నాడు. "తప్పయింది నవతా" అన్నాడు. ఇన్నాళ్లూ తను ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమేనేమో అనుకుంది. ఇంతలో అతని కళ్లలో వెలుగు వచ్చింది.

"సూడు, నిజమే చెప్దాం. వీడియో తీసేసి ఇంకోటి చేద్దాం. 'మా ఇంటి ముఖం కాలింది' అని. మస్తు నడుస్తది. నీ పెదవి మీద మచ్చ ఇంకా జరంత ఉన్నది కద, దగ్గరికెల్లి తీస్త. పూర్ణిమను కూడ తోల్కరా. ఇద్దరు పక్కపక్కన కూసుంటే... నువ్వు ఏడ్వకున్నా మంచిదే, గంభీరంగ చూస్తే సాలు."

నవత అతన్ని తేరిపార చూసింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. ఈ మనిషి ఇక మంచం మీద గోడవైపు తిరిగి పడుకోడు. అది తెలిసింది. ఏది దొరికినా దాంతో లేచి నిలబడతాడు. మరి తనెందుకు భయపడాలి?

"వీడియో చెయ్యండ్రి, తప్పకుండ చెయ్యండ్రి" అంది మెల్లగా. "మీ చెయ్యున్నది కద."

"నువ్వు?"

"నేను ఇగ కూసోను. ఇది కాదు, ఏదీ."

పోచమ్మ ఏదో అనబోయింది. కొడుకు ఎర్రటి చెయ్యి చూసి, "ఆ పెట్టెను మోరీల పారవొయ్యి బిడ్డా" అని మాత్రం అంది.

కమలాకర్ రెండు రోజులు ముభావంగా తిరిగాడు. మూడోరోజు పాత వీడియో తీసేసి, తన చెయ్యి చూపిస్తూ కొత్తది పెట్టాడు. 'కళ్లు మూసుకుని కొనొచ్చు' అన్న మాట తప్పని చెప్పాడు. కింద చాలామంది "మేడం ఏరి? మేడం ఫేస్ మీద చూపించండి" అని రాశారట. ఆ సంగతి అతనే చెప్పాడు, అడిగినట్టూ అడగనట్టూ. నవత బియ్యం కడిగి స్టవ్ మీద పెట్టింది.

ఆ శనివారం పూర్ణిమను వెంటబెట్టుకుని హబ్సిగూడలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ పెదవిని లైటు పెట్టి చూసి, మచ్చ పోతుందని, ఎండ తగలనివ్వొద్దని చెప్పింది. మందు రాస్తూ అడిగింది, "ఇంత ఘాటు క్రీము వాడమని ఎవరు చెప్పారమ్మా?"

పూర్ణిమ తల దించుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"నేను చెప్పిన మేడం" అంది నవత. "నాక్కూడ మండింది. అప్పుడు చెప్పలే, ఇప్పుడు అందరికి చెప్తున్న."

తెరిచి ఉన్న తలుపు బయట బెంచీ మీద వరసలో ఉన్న ఆడవాళ్లు తలలు తిప్పారు. మందుల చీటీ పట్టుకుని వాళ్లిద్దరూ బయటికి రాగానే ఒకావిడ నవతను గుర్తుపట్టింది. గబగబా హ్యాండ్‌బ్యాగ్ వెతికి, సగం వాడిన క్రీము డబ్బా ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టింది.

"మీరు ఆ ఛానెల్ ఆమె కదా! ఇది మంచిదేనా అండీ? ఇంట్లో అందరూ రంగు తేలానంటున్నారు."

నవత డబ్బా మూత తియ్యలేదు. ఆవిడ పక్కన ఖాళీ చూసి కూర్చుంది.

"ఇంట్లోల్లు అన్నది కాదక్కా" అంది. "రాసుకుంటే మీకు ఎట్లున్నది?"

ఆవిడ తన చెంప తనే ఒకసారి తడిమి చూసుకుంది. చుట్టుపక్కల ఎవరున్నారో చూసి, కొంచెం నవత వైపు జరిగి, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది.