ఫ్రీజర్ నింపి బయల్దేరిన మనిషి

"చామూ, గోంగూర పప్పు ఏ డబ్బాలో పెట్టావ్? అన్నీ ఒకేలా గడ్డకట్టి ఉన్నాయి."

ఫణి ఫోన్ చేసేసరికి అతని భార్య చాముండేశ్వరి కొలరాడో కొండల్లో సలైడా అనే చిన్న ఊళ్ళో, గ్యాస్ స్టేషన్ ముందు కారాపుకుని మగ్గిన అరటిపండు తింటోంది. "నీలం మూత డబ్బా అండీ, కింది అరలో" అని చెప్పింది. చెప్పాక తన మీద తనకే ఒళ్ళు మండింది. మొగుణ్ణి వదిలేసి పోయే ఆడది ఎవరైనా నడుం విరిగేలా వండి, ఫ్రీజర్ నింపి మరీ పోతుందా? ఈమె పోయింది. పప్పులు, పులుసులు, వేపుళ్ళు, పులిహోర పులుసు అన్నీ డబ్బాలకెత్తి, మూతల రంగులు కూడా అప్పజెప్పి, తనకోసం మాత్రం ఒక్క పచ్చడి సీసా అయినా పెట్టుకోకుండా వచ్చింది. వాళ్ళు కాపురముండే ట్రాయ్‌లో ఆమెకి తెలిసిన తెలుగు ఆడవాళ్ళంతా అంతే. కూతురి కానుపుకి వెళ్ళినా, తమ ఆపరేషన్‌కే వెళ్ళినా ముందు ఫ్రీజర్ నింపాల్సిందే. గుంటూరు నుంచి అత్తగారు రాజేశ్వరమ్మ ఫోన్లో అన్న మాటా అదే. "ట్రైనింగో గీనింగో, నా కొడుక్కి తిండికి లోటు రాకుండా చూసి వెళ్ళమ్మా."

ట్రైనింగ్ అన్నది అబద్ధం. ఈ కొండలు దాటాక వచ్చే డురాంగో ఊళ్ళో ఒక చిన్న ఆసుపత్రి ల్యాబ్‌లో ఆమెకి పర్మనెంట్ ఉద్యోగం వచ్చింది. అపార్ట్‌మెంట్ కూడా చూసుకుంది. సోమవారం చేరాలి. ఎదురుగా నిలబడి 'ఇక మీతో ఉండను' అనే ధైర్యం లేక, మూడు వారాల ట్రైనింగ్ అని చెప్పి బయటపడింది. డబ్బాలు అయిపోయేలోపు ఎలాగోలా నిజం చెప్పేయాలని ఆమె ఆలోచన.

ఫణి తాగడు, కొట్టడు, గట్టిగా అరవను కూడా అరవడు. అందుకే ఆమె ఎవరికీ చెప్పుకోలేకపోయింది. ఏమని చెప్పుకుంటుంది? ఒళ్ళు కాలిపోతుంటే నుదుటి మీద చెయ్యేసి, "పాపం జ్వరంగా ఉంది, ఈ పూట ఏమీ చేయకు, ఉత్త చారు పెట్టి పడుకో" అనే మొగుడి మీద ఏమని ఫిర్యాదు చేస్తుంది? విన్నవాళ్ళు ఎంత ప్రేమో అనుకుంటారు. గ్రీన్ కార్డ్ వచ్చాక, ఇంటి పని అయ్యాక సాయంకాలాలు కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళి ల్యాబ్ కోర్సు పూర్తి చేస్తే, స్నేహితులందరి ముందూ "మా ఆవిడ సైంటిస్ట్ అయిందండోయ్! ఇకమీదట పెరుగు కూడా మైక్రోస్కోప్ కింద పెట్టి తోడేస్తుంది" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. పకోడీల పళ్ళెం పట్టుకుని తనూ నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే ఆమెకి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె డ్రైవ్ చేస్తుంటే పక్కసీట్లో కూర్చుని లేని బ్రేకుని కాలితో తొక్కేవాడు. "నీకు హైవేలు వద్దులే" అనేవాడు. నిజమే కాబోలు అని ఇన్నేళ్ళూ నమ్మింది.

ఆ నమ్మకం మోనార్క్ పాస్ అనే కొండదారి ఎక్కేటప్పుడు కాళ్ళకి అడ్డం పడింది. అక్టోబర్‌లోనే మంచు మొదలైంది. పక్కన లోయ, వెనక ట్రక్కు. దేవుడా, ఇక్కడ పడిపోతే నేనెక్కడికి పోతున్నానో కూడా ఎవరికీ తెలియదు కదా అని గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే కొండ దిగి, అవతల గనిసన్ అనే ఊళ్ళో ఒక మోటెల్ చేరి, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద పడిపోయింది.

పొద్దున్నే మళ్ళీ ఫోన్.

"డబ్బాలన్నీ ఖాళీ చామూ! నిన్న పవన్ వాళ్ళనీ, నిశాంత్ వాళ్ళనీ లంచ్‌కి పిలిచాను. నీ వంటంటే పడి చస్తారు కదా, ఊడ్చేశారు. ట్రైనింగ్ మిగతాది వర్చువల్‌గా అడుగు, వచ్చెయ్. కుదరదంటావా, అంకితని వీకెండ్స్ రమ్మంటాను. యాన్ ఆర్బర్ నుంచి ఎంత దూరం, వచ్చి వండి పెట్టి వెళ్తుంది."

కాలేజీలో చదువుకుంటున్న పిల్ల, పరీక్షల మధ్య, ఆ వంటింట్లో. తను తప్పించుకుంటే ఆ పని కూతురి నెత్తిన పడుతుందని ఇన్ని నెలల ఆలోచనలో చాముండేశ్వరికి ఒక్కసారైనా తట్టలేదు. "వద్దు, దాన్ని పిలవకండి. నేనే వస్తున్నాను" అంది. కారుని వచ్చిన దారినే తిప్పింది. ఎంత దూరం వచ్చినా ఇంతే, నా బతుకింతే అనుకుంటూ మళ్ళీ అదే కొండ ఎక్కింది. ఈసారి ఏడుపు కూడా రాలేదు.

కొండ మీద కారాపుకునే చోట ఉండగా అంకిత ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్న చెప్పారు, నువ్వు వచ్చేస్తున్నావంట! థాంక్ గాడ్. నన్ను ఎవ్రీ వీకెండ్ వచ్చి కుక్ చేయమన్నారు. మిడ్‌టర్మ్స్ ఉన్నాయంటే వినరు. నువ్వొస్తే నేను ఫ్రీ."

పిల్ల తప్పేం అనలేదు. ఒక ఆడది ఊపిరి పీల్చుకోవాలంటే ఇంకో ఆడది పొయ్యి దగ్గర నిలబడాలి. ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ చూసింది అదే. చూపించింది తనే. ఇవాళ వెనక్కి వెళ్తే మరోసారి అదే చూపిస్తుంది.

"నువ్వు ఫ్రీ అవడానికి నేను వెళ్ళక్కర్లేదే, అంకితా."

"అంటే?"

"ఆకలేస్తే నాన్న వండుకుంటారు. నువ్వు వెళ్ళకు. ట్రైనింగ్ అని మీ ఇద్దరికీ అబద్ధం చెప్పాను. నాకు డురాంగోలో ఉద్యోగం వచ్చింది. నేనూ వెళ్ళడం లేదు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"నాకు చాలా కోపంగా ఉందమ్మా."

"ఉండనీ తల్లీ. ఆ కోపం నా మీద ఎన్నాళ్ళున్నా ఫర్వాలేదు. ఆ ఇంటికి మాత్రం వండడానికి వెళ్ళకు."

"నాన్నకి తెలుసా?"

"ఇప్పుడే చెప్తాను."

ఫణికి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"ఆఁ చామూ, ఎక్కడిదాకా వచ్చావ్?"

"రావడం లేదండీ. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ రాను. ట్రైనింగ్ ఏమీ లేదు. ఇక్కడ ఉద్యోగం, ఇక్కడే ఉంటాను."

ఎందుకని అడుగుతాడని ఆమె ఎదురుచూసింది. అడిగితే ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంటూనే ఉంది. ఏడుస్తాడేమో, ఏడిస్తే తట్టుకోగలనా అని భయపడుతూ ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది. చివరికి ఫణి నోరు విప్పాడు.

"మరి నేనేం తినాలి?"